నూరు గడపలు: కఫీల్ మొండయ్య

వట్టిపేటను మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. పేరుకే పేట, లోపలంతా వట్టిదే. ఇంటికో మగోడు గల్ఫ్‌కు, ఇంటికో తాళం గొళ్లానికి. బడిలో పిల్లలకన్నా బెంచీలు ఎక్కువ. అందరూ చెప్పే గల్ఫ్ కథలు వింటే గల్పికలే. పోయినోడు ఎడారి చూసిండు, ఉన్నోడికి ఏ దారీ కనబడలే.

ఊరు నిండాలంటే పని తెలిసిన మంది రావాలె, మందికి పని రావాలె అని సర్పంచ్ వినోద 'నూరు గడపలు' అనే పథకం తలకెత్తుకున్నది. రోడ్డు పక్కన కరెంటుతోని నడిచే రేపియర్ మగ్గాల షెడ్డు, దాని వెనక రేకుల కాలనీ, ఐదేండ్లల్ల కొత్తగా నూరు గడపలు. తొలి విడత భివండీ నుంచి ఆరు కుటుంబాలు దిగినయి. వాళ్ల తాతలు ఒకప్పుడు ఈ సీమ నుంచే బతుకపోయిన నేత సాలోళ్లు. అయినా ఊరోళ్లకు మాత్రం 'బొంబాయోళ్లు'. వాళ్లకు పెద్ద దశరథం. జాబరు పని ఆయనది, అంటే మగ్గం మొరాయిస్తే చెవి మెలిపెట్టి నడిపించేటోడు. జాబరే గానీ జబర్దస్తు మనిషి కాదు.

కాలనీకి కాపలా, పెద్దరికం రెండూ మన మొండయ్యవి. ఆయన లెక్క ఒక్కటే. షెడ్డు నడిస్తే కువైట్‌ల ఉన్న ఒక్కగానొక్క కొడుకు గోపాల్ తిరిగొస్తడు, ఇంటి అన్నం తిని ఇంటి ముందర పనిచేస్తడు.

పోయిన వారం ఎవడో షెడ్డుల జొరబడి మగ్గాలకు ఎక్కించిన పడుగు బీముల మీది నూలంతా కోసిపోయిండు. లోపల పోగులు తెగినయి, బయట జనం పోగైండ్రు. "కోసింది బొంబాయోళ్లే, అడ్వాన్సు మింగి పారిపోతందుకు" అని వీసాల ఏజెంటు నాగరాజు వాడవాడ తిరిగి చెప్పిండు. షెడ్డు ముందట పెనుగులాటల వెంకటి అనే ఊరి పిలగాని తల పగిలింది. తలకు తల, వాళ్ల పెద్ద దశరథందే కావాలె అని మంది కదిలింది. వినోద కరీంనగర్‌ల మీటింగుల ఉన్నది. ఠాణాకు ఫోన్ చేస్తే "బయలుదేరినం" అన్నరు. ఠాణాల నుంచి బయలుదేరుడు వేరు, చేరుడు వేరు. మొండయ్య కాలనీ రేకుల గేటుకు గొళ్లెం పెట్టి, వీపు ఆనించి నిలబడ్డడు. అక్కడ ఆగినం.

* * *

ముందు అత్తరు వాసన వచ్చింది. మంది తర్వాత వచ్చిండ్రు.

వట్టిపేటల కొట్లాట అంటే గట్లనే ఉంటది. సెలవు మీద వచ్చిన గల్ఫోళ్లే గద కండ ఉన్నోళ్లు. మిట్టమధ్యాహ్నం ఎండల, ఇస్త్రీ అంగీల మీద ఊద్ అత్తరు కొట్టుకొని, చేతుల్ల గొడ్డలి కామలు, ట్రాక్టరు గొలుసులు పట్టుకొని వచ్చిండ్రు. పెండ్లికి వచ్చిండ్రా, పెడబొబ్బలకు వచ్చిండ్రా అన్నది వాసనను బట్టి చెప్పుడు కష్టం. చప్పుడును బట్టి మాత్రం సులువు. మొదటి రాయి గేటు మీద పడి ఫెళ్లుమన్నది. రెండోది గేటు దాటి లోపలి రేకుల కప్పు చీల్చుకొని పోయింది. లోపల ఎవరిదో పసిపిల్ల కెవ్వున ఏడ్చింది.

"మొండి మామా!" బయట నుంచి ముక్కుతో ఒక గొంతు, ఊరి వరసకు అల్లునిది. నాగరాజు. "ఇగ ఇను. మాకు నీతోని లడాయి లేదు. మంది ఎక్కువైతే మజ్జిగ పల్చన అని మనోళ్లు ఊకెనే అనలే. దశరథాన్ని బయటికి తోలు, మిగిలినోళ్లు మూటముల్లె కట్టుకోని పోతరు. బస్."

"మజ్జిగ సంగతి నీకెందుకురా నాగా?" మొండయ్య గేటును వీపుతో ఒత్తిపెట్టి అరిచిండు. "చిలికేటోళ్లనందరిని విమానం ఎక్కిచ్చి, కుండ బోర్లిచ్చింది నువ్వే గదరా!"

బయట ఒకరిద్దరు నవ్విండ్రు. నవ్వు మధ్యలనే గొలుసు దెబ్బ గేటు మీద పడింది. రేకు సొట్టబోయి మొండయ్య వెన్నుపూసను పొడిచింది.

నాగరాజు మీద ఆయన జోకులు ఈనాటివి కావు. మొండయ్యకు గొంతులు దించే విద్య ఉన్నది. కల్లు కాడ కూసుంటే ముక్కు పట్టుకొని, "ఇగ ఇను, వీసా నేను తెస్త, పుస్తె నువ్వు తే" అని నాగరాజును దించితే జనం పడిపడి నవ్వేటోళ్లు. నవ్వనిది నాగరాజు ఒక్కడే. వీసాలు అమ్మేటోనికి విషం ఎక్కడి నుంచి వచ్చిందంటే, అక్కడి నుంచే. దానికి తోడు షెడ్డు. ఊర్లె పని దొరికితే ఊరు దాటేటోడు ఎవడు? మనుషుల్ని ఎగుమతి చేసేటోని కడుపు మీద, దిగుమతి కొట్టింది.

"కాకా."

మొండయ్య తల తిప్పిండు. దశరథం ఎదురుగ నిలబడ్డడు. వెనక అతని భార్య మమతారాణి, ఆమె వెనక మిగిలిన ఆడోళ్లు, పిల్లలు, చేతికి దొరికిన బట్టల మూటలు. దశరథం చేతుల మగ్గం నుంచి ఊడదీసిన ఇనుప కడ్డీ ఉన్నది. దాన్ని ఎట్ల పట్టుకోవాల్నో కూడ అతనికి తెలిసినట్టు లేదు. మగ్గం తప్ప దేన్నీ కొట్టని చెయ్యి అది.

"కాకా, కార్డులు ఇచ్చెయ్. వెనక గోడ దూకి పొలాల్ల పడి పోతం."

"ఎక్కడికి?"

"ఎక్కడికైతే ఏంది? భివండీకి. ఆధార్ లేకుంటే అక్కడ రూమ్ ఇయ్యరు, పని ఇయ్యరు. మా కాగితాలు మాకియ్యి. బస్."

"సర్పంచమ్మ వచ్చేదాక ఆగు."

"ఆమె వచ్చేవరకు మేముండం!"

కథ ఇక్కడ చిన్న బ్రేకు కొట్టాలె. మొండయ్య రియాద్‌ల ఇరవై ఏండ్లు క్యాంపు బాస్. పొద్దున కూలోళ్లను బస్సు ఎక్కిచ్చుడు, మాపు దింపుకొనుడు, తాళం వేసుడు. పెద్దరికం అంటే ఆయనకు తెలిసింది అదొక్కటే. అందుకే భివండీ కుటుంబాలు లారీ దిగిన పూటనే అందరి ఆధార్ కార్డులు అడిగి తీసుకొని, తన ఇనుప పెట్టెల వేసి తాళం బిగించిండు. ఎందుకని వాళ్లు అడగలే. ఎందుకో తననూ తను అడిగి చూసుకోలే. గల్ఫ్‌ల కొత్త మనిషి దిగంగనే చేసే తొలి పని అదే గద. గుడి ముందర చెప్పులు విడిచినట్టు, అక్కడ కఫీల్ ముందర పాస్‌పోర్టు విడుస్తరు. కఫీల్ అంటే జామీను పెద్ద. పాస్‌పోర్టు ఆయన బీరువాలో, మనిషి ఆయన బెదురులో.

"నువ్వు పోతే మగ్గాలు పోతయి" అన్నడు మొండయ్య. "మగ్గాలు పోతే షెడ్డు పోతది. షెడ్డు పోతే నా గోపాల్ ఆ ఎడారిల్నే ముసలోడైతడు. నేను ఇయ్య."

"నీ కొడుకు రావాలని నా పిల్లలు సావాల్నా?"

దశరథం చెయ్యి మొండయ్య మొలతాడుకున్న తాళాల గుత్తి మీద పడ్డది. మొండయ్య ఆలోచించలే. ఆయన చెయ్యి ఆలోచించింది. ఇరవై ఏండ్లు అలవాటు పడ్డ చెయ్యి. గుత్తి గుంజుకొని, దానితోనే దశరథం మూతి మీద ఒక్కటి ఇచ్చిండు. పెదవి పగిలి, రక్తం గడ్డం మీదికి కారింది. దశరథం ఊగిపోయి మోకాళ్ల మీద పడ్డడు. మొండయ్య ఆగలే. ఇంకోటి చెవి మీద. ఇంకోటి మెడ మీద.

"యల్లా! యల్లా! రూమ్‌ల నడువ్!"

ఆ మాట ఎవరి నోట్ల నుంచి వచ్చిందో ముందు ఆయనకే తెల్వలే. గొంతు మాత్రం గుర్తుపట్టిండు. అది ఆయన దించే గొంతే. కల్లు కాడ దించి జనాన్ని నవ్వించే కఫీల్ గొంతు. ఈసారి దించలే. అదే దిగింది.

మమతారాణి ముందుకొచ్చి మొగనికి అడ్డం కూసున్నది. ఏడ్వలే. తలెత్తి చూసింది.

"కాకా, ఒకటే అడుగుత. మా కార్డులు నీ దగ్గర ఎందుకున్నయి?"

"భద్రం..." అన్నడు మొండయ్య. "భద్రం కోసం బిడ్డా. పోకుంట."

"మేం పోకుంటనా, కార్డులు పోకుంటనా?"

రియాద్‌ల ఉన్నప్పుడు మొండయ్య బాపు సచ్చిపోయిండని కబురొచ్చింది. కఫీల్ కాళ్ల మీద పడి పాస్‌పోర్టు అడిగిండు. కఫీల్ నవ్వుకుంటనే అన్నడు, నీ పాస్‌పోర్టు భద్రంగ ఉన్నది, ఫికర్ చెయ్యకు అని. బాపును ఎవరో పాలోళ్లు మట్టి చేసిండ్రు. భద్రంగ ఉన్న పాస్‌పోర్టు భద్రంగనే ఉన్నది. పాడె మోసేతందుకు కొడుకే లేకుంట పోయిండు.

రాయి ఒకటి గేటు మీది నుంచి వచ్చి మమతారాణి భుజం మీద పడ్డది. ఎముక చప్పుడు మొండయ్యకు వినబడ్డది. ఆమె పక్కకు ఒరిగి, నేల మీద మొఖం పెట్టి, అప్పుడు అరిచింది. ఆ తర్వాత రాళ్లు వాన లెక్క. రేకులు పగులుతున్నయి, పిల్లలు గోడ మూలకు ఒదిగిండ్రు. ఒక పెద్దామె నెత్తురు కారే నుదురును కొంగుతోని అదిమి పట్టుకొని దేవున్ని తిడుతున్నది.

మొండయ్య గేటు పక్క తన కాపలా గదిలకు ఉరికి ఇనుప పెట్టె గుంజిండు. రియాద్‌ల కొన్న పెట్టె. సబ్బులు, అత్తరు, బొమ్మలు, కంబళ్లు మోసుకొచ్చిన పెట్టె. నడిమిట్లకు ఈడ్చుకొచ్చి, తాళం తీసి, మూత పైకి లేపి మమతారాణి ముందర నిలబెట్టిండు. మూత డాలు అయింది. రాళ్లు దాని మీద పడి ఖంగుఖంగుమన్నయి. ఒకటి తప్పించుకొని ఆయన నెత్తిని చీల్చింది. కండ్లల్లకు వెచ్చటిది కారింది.

"తీసుకోండ్రి" అన్నడు. "ఎవలయి వాళ్లు తీసుకోండ్రి. పోతే పోండ్రి. ఉంటే ఉండుండ్రి. నేను అడగ."

దశరథమే ముందు పాక్కుంట వచ్చి, పెట్టెల చెయ్యి పెట్టి, భార్య కార్డు, తన కార్డు ఏరుకొని అంగీ జేబుల పెట్టుకున్నడు. రక్తం ఉమ్మిండు. మొండయ్య మొఖం చూసిండు. కొట్టినోడు సిగ్గుపడుతుంటే, కొట్టించుకున్నోనికి ఏం మాట దొరుకుతది?

అప్పుడే రాళ్లు ఆగినయి.

"మామా!" బయట నాగరాజు గొంతు ఇప్పుడు గేటుకు ఆనుకొనే ఉన్నది. "ఇగ ఇను. అత్త గూడ వచ్చింది, సద్ది పట్టుకోని. జర చెప్పు అత్తా, మీ మొగనికి."

మొండయ్య భార్య ఐలవ్వ. దినాం ఈ యాళ్లకు మూడు గిన్నెల స్టీలు టిఫిన్‌ల అన్నం తెస్తది. ఊరు ఊరంతా కర్రలు పట్టుకొని వచ్చినా, ఆమె మొగని ఆకలి టైము తప్పది.

"నువ్వు పో ఐలీ!" అరిచిండు మొండయ్య. "ఇంటికి పో!"

"నువ్వు తినకుంట నేనెట్ల పోత?" అన్నదామె, అటు దిక్కు నుంచి. "ఏందిరా నాగా గిదంతా? తోవ ఇడువు, మీ మామకు అన్నం పెట్టాలె."

"పెడుదువు గని అత్తా. ముందు నీ కొడుకుతోని మాట్లాడు." గేటు సందుల నుంచి ఒక ఫోన్ వెలుగు కనబడ్డది. నాగరాజు స్పీకర్ పెట్టిండు. "శ్యాంసుందర్, ఇగ ఇను. పిలగానికి ఫోనియ్యి."

శ్యాంసుందర్ కువైట్‌ల నాగరాజు మనిషి. ఇక్కడోడు ఎక్కిస్తే అక్కడోడు దింపుకుంటడు. గోపాల్ పాస్‌పోర్టు అతని దగ్గర్నే ఉన్నది. భద్రంగ.

ముందు గాలి చప్పుడు. ఆ తర్వాత దెబ్బ చప్పుడు. మెత్తటి దాని మీద గట్టిది పడ్డ చప్పుడు. ఆ తర్వాత,

"బాపూ..."

మొండయ్య గేటు సందుకు చెవి ఆనించిండు.

"బాపూ, ఏదో గేటు తియ్యాల్నట. తియ్యి బాపూ. వీళ్లు పొద్దటి నుంచి కొడుతనే ఉన్నరు. చెయ్యి ఇరిగింది. నీళ్లు సుత ఇస్తలేరు..."

మళ్ల దెబ్బ. మాట మధ్యల తెగింది, బీము మీది పోగు తెగినట్టే.

"విన్నవా మామా?" నాగరాజు మెల్లగ అన్నడు. మందికి వినబడకుంట, మొండయ్యకు వినబడేటట్టు. "నా బామ్మర్దే గద, నాకు మాత్రం పావురం, ప్రేమ ఉండదా? దశరథాన్ని బయటికి తోలితే గోపాల్ రేపు విమానం ఎక్కుతడు. తోలకపోతే శ్యాంసుందర్ వాన్ని ఎడారిల దింపి వస్తడు. నీళ్ల డబ్బ లేకుంట. నువ్వే చెప్పు, ఎవలు కావాలె నీకు? పుట్టినోడా, పుట్టుకొచ్చినోడా?"

మొండయ్య చెయ్యి గొళ్లెం మీద పడ్డది. కండ్లల్ల నెత్తురు, నెత్తుట్ల గోపాల్. వెనక పెట్టె మూత చాటుకు పిల్లల మూలుగులు. ఆ చెయ్యి ఇంకో ఘడియ అట్లనే ఉంటే ఏం చేస్తుండెనో, ఇప్పటికీ ఆయన చెప్పలేడు.

ఇంకో చెయ్యి వచ్చి దాన్ని పక్కకు జరిపింది. పగిలిన పెదవితోని దశరథం.

"కాకా, వాళ్లకు కావాల్సింది నేను. నువ్వు తోలినట్టే అనుకో."

"వద్దు దశరథం. సంపుతరు."

"నీ కొడుకు గూడ నా లెక్కనే పరాయి ఊర్ల ఉన్నోడు." దశరథం ఇనుప కడ్డీ కింద పెట్టిండు. అంగీ జేబుల నుంచి మమతారాణి కార్డు తీసి మొండయ్య చేతుల పెట్టిండు. "ఇది ఆమెకియ్యి. ఈసారి పెట్టెల పెట్టకు."

గేటుకున్న దిడ్డి తలుపు ఒక్క మనిషి పట్టేంత తెరిచి, వంగి, బయటికి పోయిండు. "మూసెయ్ కాకా!" అన్నడు. మొండయ్య మూసిండు. మూసిన చేతులతోని నెత్తి కొట్టుకున్నడు.

బయట "వచ్చిండురో!" అని ఎవడో అరిచిండు. గొలుసు గాలిల తిరిగిన చప్పుడు. కాళ్ల తొక్కులాట. మొండయ్య కండ్లు మూసుకొని మొదటి కేక కోసం ఎదురుచూసిండు.

మొదటి కేక వచ్చింది. దశరథంది కాదు.

ముక్కుతోని వచ్చిన కేక.

దాని వెంటనే స్టీలు గిన్నెలు నెత్తి మీద మోగిన చప్పుడు, అన్నం మెతుకులు రేకు మీద రాలిన చప్పుడు, దాని మీద ఐలవ్వ గొంతు. "నా కొడుకు చెయ్యి ఇరగ్గొడుతవురా! నా కండ్ల ముందర పుట్టి, నా కొడుకు చెయ్యి ఇరగ్గొడుతవురా!" ఇంకో దెబ్బ. ఇంకోటి. నాగరాజు చేతులది ఏదో గాలిల లేచి, గేటు మీది నుంచి ఎగిరొచ్చి, మొండయ్య కాళ్ల కాడ మట్టిల పడ్డది.

ఫోన్. అద్దం పగిలింది గానీ దీపం ఆరలే. లైను తెగలే.

"అన్నా?" అందులనుంచి శ్యాంసుందర్ పిలుస్తున్నడు. "నాగరాజన్నా, ఏమైంది? బండి సిద్ధంగున్నది. పోరన్ని ఉంచుమంటవా, ఎడారిల దింపి రమ్మంటవా? జెల్ది చెప్పు."

మొండయ్య ఫోన్ తీసిండు. మొఖం మీది నెత్తురు తుడుచుకున్నడు. రెండు వేళ్లతోని ముక్కు పట్టుకున్నడు. బతుకంతా జనాన్ని నవ్వించిన గొంతును, మొదటిసారి నవ్వు లేకుంట పైకి తీసిండు.

"ఇగ ఇను, శ్యాంసుందర్. పిలగాన్ని ముట్టకు. నీళ్లు తాగిచ్చి, పాస్‌పోర్టు చేతుల పెట్టి, దవాఖాన కాడ దించు."

గేటు అవతల వంద గొంతులు ఒక్కటై మోగినయి.

"సరే అన్నా, నువ్వు చెప్పినంక చేస్త" అన్నడు శ్యాంసుందర్ నింపాదిగ. "గానీ అన్నా... నీ వెనక ఎవరో 'నాగరాజన్నను సంపుతుండ్రు' అని ఒర్రుతున్నరేంది?"